లిస్టులో పేరు లేదు, గేటు మాత్రం తెరుచుకుంది

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, మొత్తం 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం. ఆ రోజుల్లో విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తే బోట్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని కట్టేసి ఉంటాయి. ఒకరు వల బాగుచేసుకుంటూ, ఒకరు ఇంజను విప్పుకుంటూ, ఒకరు బోటుకి రంగు వేయించుకుంటూ కనిపిస్తారు. లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా కదపాలన్నా అదే అదను. వేట మొదలయ్యాక "ఒక్క గంట సిస్టమ్ ఆపుతామండీ" అంటే అక్కడ వినే నాథుడుండడు.

ఆ హార్బర్‌లో చేపల కమిషన్ వ్యాపారి ఒకాయనకి నేను పీహెచ్‌పీలో చిన్న ప్రోగ్రామ్ రాసిచ్చి నాలుగేళ్లయింది. వెనకాల మైసీక్వెల్ డేటాబేస్. వేలానికొచ్చిన ప్రతి లాటుకీ టేబుల్‌లో ఒక వరస: లాటు నంబరు, బోటు, చేప రకం, బరువు, కిలో రేటు, కమిషన్, బోటు ఓనరు బ్యాంకు ఖాతా నంబరు. కాటా దగ్గర కూర్చునే గుమస్తా బరువు కొట్టాలి. రేటు చూడొచ్చు, మార్చకూడదు. ఖాతా నంబరైతే ఆయన కంట పడనే కూడదు. ఇన్నాళ్లూ ఈ కట్టడి అంతా నేను పీహెచ్‌పీలో రాసిన ఇఫ్‌ల మీదే, అంటే "ఇతనైతే ఇది చూపించు" అనే షరతుల మీదే నడిచింది. ఈసారి డేటాబేస్‌లోనే గట్టిగా బిగించేద్దామనుకున్నాం. రేపు ఎవరైనా ఇంకో రిపోర్టు ప్రోగ్రామ్ తెచ్చి అదే డేటాబేస్‌కి తగిలిస్తే, నా ఇఫ్‌లు అక్కడ అడ్డురావు కదా.

మైసీక్వెల్‌లో రెండు లాగిన్లు పెట్టాను. కాటా లాగిన్‌కి కాలమ్ వారీగా హక్కులిచ్చాను. గ్రాంట్ అంటే హక్కు ఇవ్వడం, సెలెక్ట్ అంటే చదవడం, అప్‌డేట్ అంటే మార్చడం. గ్రాంట్ సెలెక్ట్ అని రాసి, పక్కన బ్రాకెట్లో లాటు నంబరు, బోటు, రకం, బరువు, రేటు. గ్రాంట్ అప్‌డేట్ అని రాసి బ్రాకెట్లో ఒక్క బరువు. షావుకారు లాగిన్‌కి ఈ బ్రాకెట్ల గొడవ లేకుండా టేబుల్ మొత్తం మీద ఇచ్చేశాను. ఇక స్క్రీన్ తెరిచేటప్పుడు ఎవరికి ఏ గడి తెరవాలి, ఏది మూయాలి అన్నది పీహెచ్‌పీ డేటాబేస్‌నే అడిగి తెలుసుకోవాలి. డేటాబేస్ తన గురించిన వివరాలు చెప్పే ఇన్ఫర్మేషన్ స్కీమాలో కాలమ్ ప్రివిలేజెస్ (కాలమ్ హక్కులు) అని సాక్షాత్తూ ఆ పేరుతోనే ఒక పట్టిక ఉంది. ఇంకేం, దాన్నే చదివించాను. వరస ఉంటే గడి తెరువు, లేకపోతే మూసెయ్.

మర్నాడు పొద్దున్నే షావుకారు ఫోన్. "గుమస్తాకి అన్నీ బాగానే వస్తున్నాయి. నా స్క్రీన్‌లో ఒక్క గడీ కదలట్లేదు. నా కొట్లో నాకే తాళం వేశావేంటయ్యా?"

అన్ని హక్కులూ ఉన్న మనిషికి ఒక్క హక్కూ లేదని వచ్చింది. తప్పు మైసీక్వెల్‌ది కాదు, నేను అడిగిన ప్రశ్నది.

హార్బర్‌కి ఒక గేటు, లోపల పది జెట్టీలు, ఒక్కో జెట్టీకి ఒక రిజిస్టరు ఉన్నాయనుకోండి. ఫలానా మూడో జెట్టీకి మాత్రమే అనుమతి ఉన్నవాడి పేరు మూడో జెట్టీ రిజిస్టర్లో ఉంటుంది. హార్బర్ మొత్తానికి పాస్ ఉన్నవాడి పేరు గేటు దగ్గరే రాసేస్తారు. ఇప్పుడు నేను మూడో జెట్టీ రిజిస్టరు ఒక్కటే తిరగేసి, అందులో పేరు లేదు కాబట్టి ఇతనికి ప్రవేశం లేదు అంటే ఎలా ఉంటుంది? నేను చేసింది సరిగ్గా అదే.

మైసీక్వెల్ హక్కులను అంచెలంచెలుగా దాచుకుంటుంది. సర్వర్ మొత్తానికి ఇచ్చినవి ఒకచోట, ఒక డేటాబేస్‌కి ఇచ్చినవి ఇంకోచోట, టేబుల్‌కి ఇచ్చినవి మరోచోట, కాలమ్‌కి ఇచ్చినవి అన్నిటికంటే అడుగున. మీరు ఒక కాలమ్ చదవబోతే పైఅంచె నుంచి చూసుకుంటూ వస్తుంది. ఏ ఒక్క అంచెలో సరేనన్నా చాలు, పని జరిగిపోతుంది. పై అంచెలో ఇచ్చిన హక్కు కింది అంచె పట్టికలోకి నకలు కాదు. కాలమ్ ప్రివిలేజెస్ అనేది అడుగు అంచె రిజిస్టరు, అంతే. బ్రాకెట్లో కాలమ్ పేరు పెట్టి ఇచ్చినవి తప్ప అందులో ఇంకేవీ కనబడవు. షావుకారు పేరు ఒక అంచె పైన, టేబుల్ ప్రివిలేజెస్‌లో హాయిగా ఉంది.

రెండోవైపు నుంచి కూడా ఆ రిజిస్టరు మోసం చేస్తుంది. టేబుల్‌ని డ్రాప్ చేసినా, అంటే తీసేసినా, దాని మీద ఇచ్చిన హక్కులు వాటంతట అవి పోవు. టేబుల్ పోయినా హక్కు వరస అలాగే మిగిలి ఉంటుంది. ఎప్పుడో అదే పేరుతో కొత్త టేబుల్ పుడితే పాత హక్కు దానికి అంటుకుంటుంది. అందుకే నా మాట ఏంటంటే, "ఏం రాసి ఉంది" అన్నది ఒక ప్రశ్న, "ఏం చెల్లుతుంది" అన్నది ఇంకో ప్రశ్న. ఆడిట్ చేసేవాడికి మొదటిది కావాలి. స్క్రీన్ గీసే పీహెచ్‌పీకి రెండోది కావాలి.

రెండో ప్రశ్నకి జవాబు చెప్పే పట్టిక కూడా ఇన్ఫర్మేషన్ స్కీమాలోనే ఉంది. దాని పేరులో హక్కుల ప్రస్తావనే లేదు కాబట్టి ఎవరికీ తట్టదు. పట్టిక పేరు కాలమ్స్. డేటా టైపు, డీఫాల్టు విలువ లాంటివి చూడ్డానికి రోజూ వాడేదే. దాన్లో ప్రివిలేజెస్ అనే గడి ఒకటుంది. ఆ కాలమ్ మీద ప్రస్తుతం కనెక్టయిన లాగిన్‌కి ఏయే హక్కులు చెల్లుతాయో అక్కడ కామాలతో రాసి ఉంటుంది: సెలెక్ట్, ఇన్సర్ట్ (కొత్త వరస చేర్చడం), అప్‌డేట్, రిఫరెన్సెస్ (ఇంకో టేబుల్ నుంచి ఆ కాలమ్‌ని సూచించడం). ఏ అంచె నుంచి వచ్చిందన్నది దానికి అనవసరం, అన్నీ కలిపి లెక్క తేల్చేసి చెబుతుంది. షో ఫుల్ కాలమ్స్ అని కొట్టినా ఇదే కనబడుతుంది. డిలీట్ ఎందుకు లేదంటారా, డిలీట్ చేస్తే వరసకి వరసే పోతుంది, ఒక కాలమ్‌లో సగం డిలీట్ అంటూ ఉండదు. కాలమ్ స్థాయిలో ఇవ్వగలిగినవి ఆ నాలుగే.

కాటా లాగిన్‌తో అడిగితే బరువు పక్కన సెలెక్ట్, అప్‌డేట్ అని వచ్చింది. రేటు పక్కన సెలెక్ట్ ఒక్కటే. ఖాతా నంబరు అసలు జాబితాలోనే లేదు. ఏ హక్కూ లేని కాలమ్‌ని మైసీక్వెల్ ఆ లాగిన్‌కి చూపించనే చూపించదు. ఇది మంచిదే కానీ ఇందులో ఒక మెలిక ఉంది. కాలమ్ పేరు మీరు తప్పు టైపు చేసినా జవాబు ఇదే, ఖాళీ. "హక్కు లేదు", "అలాంటి కాలమే లేదు" అనేవి రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. ఒక సాయంత్రమంతా నేను హక్కుల్లో వెతికాను, తీరా చూస్తే పేరులో ఒక అక్షరం ఎక్కువ పడింది.

ఇంకో చిన్న ముల్లు. మైసీక్వెల్ 8.0 నుంచి ఇన్ఫర్మేషన్ స్కీమా ఇచ్చే ఫలితంలో కాలమ్ పేర్లు పెద్ద అక్షరాల్లో వస్తాయి, మీరు క్వెరీలో చిన్న అక్షరాల్లో అడిగినా సరే. పీహెచ్‌పీ అర్రేకి పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు. పాత సర్వర్‌లో నడిచిన కోడ్ కొత్తదాన్లో "అన్‌డిఫైన్డ్ అర్రే కీ" అని సణుగుతుంది. క్వెరీలోనే ప్రతి దానికీ మీకు నచ్చిన మారుపేరు పెట్టేసుకుంటే ఈ బాధ ఉండదు.

ఇప్పుడు అసలు చిక్కు. ప్రస్తుతం కనెక్టయిన లాగిన్ అన్నాను కదా, అదెవరు?

చాలా వెబ్‌సైట్లలో రెండొందల మంది ఉద్యోగులు వాళ్ల వాళ్ల పాస్‌వర్డ్‌తో లాగిన్ అవుతారు. కానీ కాన్ఫిగ్ ఫైల్లో ఉండే డేటాబేస్ లాగిన్ ఒక్కటే. మైసీక్వెల్‌కి ఆ రెండొందల మంది ముఖాలు తెలియవు, దానికి తెలిసిన శాల్తీ ఒక్కటే. అక్కడ కాలమ్ హక్కు అడిగితే మేనేజరుకీ ప్యూనుకీ ఒకటే జవాబు వస్తుంది. మనుషుల్ని బట్టి హక్కులు మారాలంటే అది అప్లికేషన్ చూసుకోవాల్సిన పని. దానికి సొంతంగా ఒక టేబుల్ పెట్టుకోవాల్సిందే. కాలమ్ గ్రాంట్‌లు పనికొచ్చేది బయటి కంచెగా: రిపోర్టులకి ఒక లాగిన్, మొబైల్ యాప్‌కి ఒక లాగిన్, కాటాకి ఒక లాగిన్. నాలుగైదు పాత్రలు దాటితే ఈ పద్ధతి జోలికి పోకపోవడమే మేలని నా అభిప్రాయం. ఒక్క యూజరుకి కాలమ్ హక్కులు ఇచ్చినా మైసీక్వెల్ అందరి క్వెరీలకీ ఆ అంచె దాకా దిగి చూసుకుంటుంది కాబట్టి కాస్త వేగం కూడా తగ్గుతుంది. హార్బర్ కొట్లో అది లెక్కలోకి రాదు, నిజమే.

పైగా మైసీక్వెల్‌లో యూజర్ అంటే పేరొక్కటే కాదు, ఎక్కడి నుంచి వస్తున్నాడన్నది కూడా కలిపి ఒక యూజర్. లోకల్‌హోస్ట్ నుంచి, అంటే సర్వర్ ఉన్న కంప్యూటర్ నుంచే వచ్చే కాటా, ఎక్కడి నుంచైనా రావచ్చు అని పర్సంటు గుర్తు పెట్టిన కాటా ఇద్దరు వేర్వేరు మనుషులు. ఒకరికిచ్చిన హక్కు రెండోవారికి రాదు. ద్వారకానగర్‌లో మా ఆఫీసులో సర్వర్ మీదే కూర్చుని పరీక్షిస్తే అంతా సవ్యం. హార్బర్ నుంచి కనెక్టయితే సగం గడులు మాయం. నేను గ్రాంట్ ఇచ్చింది మొదటి కాటాకి మాత్రమే. ఇలాంటప్పుడు యూజర్ అనే ఫంక్షన్‌ని కాదు, కరెంట్ యూజర్ అనే ఫంక్షన్‌ని అడగాలి. మొదటిది "నేను ఫలానా" అని వచ్చినవాడు చెప్పుకున్న పేరు చెబుతుంది. రెండోది సర్వర్ అతన్ని ఏ ఖాతా కింద జమకట్టిందో చెబుతుంది. హక్కులన్నీ రెండోదాని మీదే ఆధారపడతాయి. దీన్ని తీసుకెళ్లి కాలమ్ ప్రివిలేజెస్‌లోని గ్రాంటీ గడితో పోల్చబోతే ఎప్పటికీ సరిపోదు. గ్రాంటీ గడిలో పేరుకీ హోస్టుకీ చుట్టూ సింగిల్ కోట్లు ఉంటాయి, కరెంట్ యూజర్ ఇచ్చే జవాబులో ఉండవు.

మైసీక్వెల్ 8.0లో రోల్స్, అంటే ఒక పేరు కింద కట్టిన హక్కుల మూటలు కూడా వచ్చాయి. రోల్ ఇచ్చినంత మాత్రాన సరిపోదు, అది యాక్టివ్‌గా ఉండాలి. డీఫాల్ట్ రోల్‌గా పెట్టకపోతే లాగిన్ అయినా నిద్రపోతూనే ఉంటుంది.

"టేబుల్ మొత్తం ఇచ్చేసి, ఖాతా నంబరు ఒక్కటి వెనక్కి తీసుకుంటే పోలా?" అని షావుకారు కొడుకు అడిగాడు. చదువుకునే కుర్రాడు, ప్రశ్న బాగుంది. మైసీక్వెల్‌లో అది కుదరదు. ఇవ్వడమే ఉంది, "ఇది తప్ప" అనడం లేదు. టేబుల్ అంచెలో సరేనన్నాక కాలమ్ అంచెలో రివోక్ అన్నా పై మాటే చెల్లుతుంది. 8.0.16లో పార్షియల్ రివోక్స్ అని ఒక సదుపాయం వచ్చింది గానీ అది డేటాబేస్ అంచె వరకే. కాబట్టి చూపించాల్సిన కాలమ్‌లన్నీ పేరు పేరునా రాయాల్సిందే. దీనివల్ల ఒక మేలూ ఉంది. రేపు ఆల్టర్ టేబుల్‌తో ఇంకో కాలమ్ చేరిస్తే అది గుమస్తాకి తనంతట తాను కనబడదు.

ఇక గుమస్తా గారి వైపు వద్దాం. రెండో రోజు ఆయన ఫోన్. "బాబూ, బరువు మార్చుకోవచ్చన్నావు. ఐసు నీళ్లు కారాక రెండు కిలోలు తగ్గిద్దామంటే ఏదో ఇంగ్లీషులో ఎర్రగా వస్తాంది."

ఆ ఎర్ర అక్షరాలు సెలెక్ట్ కమాండ్ డినైడ్ అంటున్నాయి. చేస్తున్నది అప్‌డేట్, వద్దంటున్నది సెలెక్ట్. మొదటిసారి చూస్తే ఎవరికైనా బుర్ర తిరుగుతుంది. బరువు ఈక్వల్స్ బరువు మైనస్ రెండు అని రాశామంటే, కొత్త బరువు రాసేముందు పాత బరువు చదవాలి. చదవడానికి సెలెక్ట్ కావాలి. ఏ వరస మార్చాలో చెప్పే వేర్‌లో లాటు నంబరు ఇంత అని రాస్తే ఆ నంబరు చదవడానికీ సెలెక్ట్ కావాలి. నేను ఆ ఉదయం గ్రాంట్‌లు తిరగరాస్తూ సెలెక్ట్ జాబితాలో లాటు నంబరు వదిలేశాను. అప్‌డేట్ హక్కు ఉందా అని మాత్రమే చూసిన నా ఫంక్షన్, ఉంది అని నిజమే చెప్పింది. ఆ వాక్యం మొత్తం నడుస్తుందా అని దాన్నెవరూ అడగలేదు.

కొత్త లాటు ఎక్కించేటప్పుడు ఇదే తంతు ఇంకో రూపంలో. కాటా లాగిన్‌కి రేటు మీద ఇన్సర్ట్ లేదు. పీహెచ్‌పీ ఫారం రేటు గడిని కూడా కలిపి, ఖాళీగా నల్ అని పంపితే కుదరదు. విలువ ఏదైనా కాలమ్ పేరు ఎత్తావంటే హక్కు ఉండాలి. పేరు ఎత్తకుండా వదిలేస్తే ఆ గడిలో డీఫాల్టు విలువ పడుతుంది. డీఫాల్టు కూడా లేకపోతే స్ట్రిక్ట్ మోడ్‌లో 1364 ఎర్రర్. అందుకని ఫారం పంపేముందు, ఇన్సర్ట్ హక్కు లేని కాలమ్‌లని వాక్యంలోంచే తీసేయాలి.

ఇన్ని మెలికలు ముందే లెక్కగట్టడం కంటే అడిగేసి, కాదంటే పట్టుకోవడం నయమనిపిస్తుంది. చాలా వరకు నిజమే. స్క్రీన్ మీద గడులు మూయడానికి కాలమ్స్ పట్టిక, అసలు తీర్పుకి డేటాబేస్. టేబుల్ మీద హక్కు లేదంటే 1142, కాలమ్ మీద లేదంటే 1143. పీహెచ్‌పీ మైసీక్వెల్‌తో మాట్లాడే దారులు రెండు, పీడీఓ, మైసీక్వెల్ఐ. పీహెచ్‌పీ 8.0 నుంచి పీడీఓ, 8.1 నుంచి మైసీక్వెల్ఐ, తప్పు జరిగితే వాటంతట అవే ఎక్సెప్షన్ (కోడ్‌లో పట్టుకోగలిగే ఎర్రర్) విసురుతున్నాయి. అంతకుముందు అడగందే చెప్పేవి కావు, చేతికి ఫాల్స్ ఇచ్చి ఊరుకునేవి.

ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. మైసీక్వెల్ఐ ఎక్సెప్షన్‌ని గెట్ కోడ్ అని అడిగితే 1143 అని నేరుగా చెబుతుంది. పీడీఓ ఎక్సెప్షన్‌ని అదే గెట్ కోడ్ అడిగితే 42000 అంటుంది. అది ఎస్‌క్యూఎల్ స్టేట్, ఒక జాతి ఎర్రర్లన్నిటికీ ఉమ్మడి కోడ్. వాక్యంలో కామా తప్పుపడినా, అంటే 1064 వచ్చినా, స్టేట్ 42000 అనే ఉంటుంది. దాన్ని చూసి "మీకు అనుమతి లేదు" అని స్క్రీన్ మీద వేశారంటే మీ స్పెల్లింగు తప్పుకి గుమస్తాని దోషిని చేసినట్టే. ఎర్రర్ ఇన్ఫో అనే అర్రేలో, సున్నా నుంచి లెక్కపెడితే ఒకటో స్థానంలో అసలు నంబరు ఉంటుంది. దాన్నే చూడాలి.

ముందుగా పరీక్షించే చిట్కా కూడా చెబుతాను. చదివే హక్కు తెలియాలంటే ఆ కాలమ్‌ని లిమిట్ సున్నాతో సెలెక్ట్ చేయండి. వరసలేవీ రావు, హక్కు లేకపోతే ఎర్రర్ మాత్రం వస్తుంది. రాసే హక్కు తెలియాలంటే ఎప్పటికీ నిజం కాని వేర్ పెట్టి అప్‌డేట్ చేయండి. అయితే కాలమ్‌ని దానికే సమానం చేస్తూ రాయకండి. బరువు ఈక్వల్స్ బరువు అన్నారంటే మళ్లీ సెలెక్ట్ అడుగుతుంది, మీ పరీక్షే తప్పు జవాబు చెబుతుంది. కుడివైపు ఏదో ఒక స్థిరమైన విలువ పెట్టండి. పీడీఓలో ఎమ్యులేటెడ్ ప్రిపేర్, అంటే వాక్యాన్ని సర్వర్‌కి పంపకుండా తనే సిద్ధం చేసుకునే పద్ధతి, డీఫాల్టుగా ఆన్‌లో ఉంటుంది కాబట్టి ప్రిపేర్ దగ్గర అంతా బాగున్నట్టే కనబడుతుంది, వాక్యం సర్వర్‌కి చేరేది ఎగ్జిక్యూట్ దగ్గరే. ట్రై బ్లాకులో రెండూ ఉండాలి.

హక్కు మార్చాక ఎప్పటి నుంచి అమలు అన్నదీ అంచెను బట్టే. టేబుల్, కాలమ్ హక్కులు తర్వాతి క్వెరీ నుంచే. డేటాబేస్ హక్కులు, యూజ్ అని ఆ డేటాబేస్‌ని మళ్లీ ఎంచుకున్నాక. సర్వర్ మొత్తానికి సంబంధించినవైతే కొత్త కనెక్షన్ల నుంచి. గ్రాంట్ వాడినప్పుడు, హక్కుల్ని మళ్లీ చదువుకో అని చెప్పే ఫ్లష్ ప్రివిలేజెస్ అక్కర్లేదు, అయినా అందరం అలవాటుగా కొడుతూనే ఉంటాం. నా దగ్గర ఆలస్యం వచ్చింది మైసీక్వెల్ వల్ల కాదు. జవాబుని పీహెచ్‌పీ సెషన్‌లో దాచుకున్నాను. గుమస్తా గారు లాగౌట్ అయ్యి వచ్చేదాకా పాత తాళాలే.

పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ వాడేవాళ్లకి ఈ కష్టంలో సగం లేదు. హ్యాజ్ కాలమ్ ప్రివిలేజ్ అని తయారు ఫంక్షన్ ఉంది. యూజరు, టేబుల్, కాలమ్, హక్కు పేరు ఇస్తే అవునో కాదో చెప్పేస్తుంది. అక్కడి కాలమ్ ప్రివిలేజెస్ పట్టికలో టేబుల్ మొత్తానికిచ్చిన హక్కు కూడా ప్రతి కాలమ్‌కీ విడివిడిగా కనబడుతుంది. అదే పేరు, అదే ఇన్ఫర్మేషన్ స్కీమా, జవాబు వేరు. కోడ్‌ని ఒకదాన్నుంచి ఇంకోదానికి మోసుకెళ్లేవాళ్లు ఇక్కడే జారిపడతారు. అనుమతి లేదనే స్టేట్ కూడా అక్కడ వేరు, 42501. ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్‌లో డినై (ఇవ్వొద్దు) అనే మాట ఉంది, షావుకారు కొడుకు అడిగింది అక్కడ చేయొచ్చు. ఒరాకిల్‌లో కాలమ్ వారీగా సెలెక్ట్ ఇవ్వడమే లేదు, వ్యూ, అంటే కావాల్సిన కాలమ్‌లనే చూపించే ఉత్తుత్తి టేబుల్, కట్టుకోవాలి. మైసీక్వెల్‌లోనూ ఖాతా నంబరు లేని వ్యూ ఒకటి కట్టి దాని మీద హక్కు ఇవ్వొచ్చు. మళ్లీ మొదటి నుంచి చేయమంటే నేను బహుశా అదే చేస్తాను.

నిషేధం ఎత్తేశాక తొలి బోట్లు సరుకుతో తిరిగొచ్చిన పొద్దున లాగ్ ఫైలు తెరిచి పెట్టుకుని టెన్షన్‌తో కూర్చున్నాను. తొలి లాటు వంజరం, బరువు పడింది, రేటు కనబడింది, వేలం సాగింది. లాగ్‌లో ఒకే ఒక్క 1143 వచ్చింది, ఖాతా నంబరు కాలమ్ మీద, కాటా లాగిన్ నుంచి. గుమస్తా గారు ఏదో కెలికారేమో అనుకున్నాను. తీరా చూస్తే అది రసీదు ప్రింటు చేసే నా ఫైలే. రసీదు మీద ఖాతా నంబరు ఎక్కడా అచ్చు కాదు. అయినా నా క్వెరీ దాన్ని నాలుగేళ్లుగా, ప్రతి రసీదుకీ, కాటా దగ్గరి కంప్యూటర్‌కి తెచ్చిపెడుతూనే ఉంది.